ఎనిమిది సెంట్ల కూలి

అమెరికాలో ఆదివారం పేపరు మధ్యలోంచి జారిపడే కూపన్ల మీద రెండు రకాల అక్షరాలుంటాయి. పెద్దవి కొనేవాళ్ళ కోసం. బట్టల సబ్బు మీద యాభై సెంట్లు తగ్గింపు, ఫలానా తేదీ దాకా, ఒక డబ్బాకి ఒకటే. కత్తెర పట్టుకున్న ప్రతివాళ్ళూ ఇవి చదువుతారు. అడుగున చీమలబారులా ఇంకో నాలుగైదు లైన్లుంటాయి. అవి కొనేవాళ్ళ కోసం కాదు, దుకాణదారుకి కంపెనీ రాసిన ఉత్తరం. దాని సారాంశం ఇది: ఈ కాగితం తీసుకుని మా సరుకు మీద ధర తగ్గించు, నువ్వు తగ్గించినంతా మేం తిరిగి ఇస్తాం, పైన ఎనిమిది సెంట్లు ఇస్తాం. సరుకు అమ్మకుండా ఉత్త కాగితం పంపితే అది మోసం. పంపినన్ని కూపన్లకి సరిపడా సరుకు నువ్వు కొన్నావని రుజువు అడిగితే చూపించాలి. ఈ కాగితం నగదు విలువ సెంటులో నూరో వంతు. చివర్న ఒక చిరునామా. కంపెనీ ఏ ఒహాయోలోనో న్యూజెర్సీలోనో ఉన్నా, ఆ చిరునామా మాత్రం చాలాసార్లు టెక్సస్‌లో మెక్సికో సరిహద్దుని ఆనుకుని ఉన్న ఎల్ పాసోదో, డెల్ రియోదో అయి ఉంటుంది.

కూపన్ల చరిత్ర రాసేవాళ్ళు ఎక్కువగా పెద్దక్షరాల కథే చెప్తారు. పొదుపు చేసే గృహిణులు, ఫైళ్ళనిండా కత్తిరింపులు, నాలుగు డాలర్లకి బండెడు సరుకు తెచ్చుకున్న ఘనులు. నాకు చీమలబారు కథ మీద ఆసక్తి ఎక్కువ. ఎందుకంటే కౌంటరు దగ్గర ఆ యాభై సెంట్లు ఇచ్చింది కంపెనీ కాదు, కొట్టు యజమాని. ఆయన తన గల్లాపెట్టెలోంచి ఇచ్చి, ఆ డబ్బు కోసం కాగితం ముక్కలు పట్టుకుని వారాల తరబడి ఎదురుచూడాలి. పేరుకి అది కంపెనీ కస్టమరుకిచ్చిన కానుక. లెక్కల్లో చూస్తే దుకాణం కంపెనీకిచ్చిన అప్పు.

మన పాత వ్యాపారంలో దీనికో దగ్గరి చుట్టం ఉంది, హుండీ. గుడిలో హుండీ కాదు, షావుకార్ల హుండీ. ఒక ఊరి షావుకారు చీటీ రాసిస్తే ఇంకో ఊరి షావుకారు ఆ చీటీ చూసి డబ్బిచ్చేవాడు, తర్వాత వాళ్ళిద్దరూ లెక్క చూసుకునేవాళ్ళు. చీటీ తెచ్చినవాడికి ఆ లెక్కతో పనిలేదు. కూపన్ కూడా అంతే, అయితే ఒక తేడా ఉంది. హుండీలో షావుకార్లిద్దరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళు. కూపన్లో ఒకపక్క ఒకే కంపెనీ, రెండోపక్క దానికి మొహం కూడా తెలియని లక్షలాది కొట్లు.

*

మొదట్లో ఈ చిక్కు లేదు. 1880ల చివర అట్లాంటాలో ఏసా క్యాండ్లర్ కోకాకోలా ఫార్ములా హక్కులు చేజిక్కించుకుంటున్న రోజుల్లో, ఒక గ్లాసు ఉచితమని చీట్లు పంచడం మొదలుపెట్టారు. గ్లాసు ధర అయిదు సెంట్లు. అప్పటికి కోక్ సీసాల్లో లేదు, మందుల షాపుల్లో ఉండే సోడా కౌంటర్ల దగ్గర సిరప్‌లో సోడా కలిపి ఇచ్చేవాళ్ళు. చీటీ పట్టుకొచ్చినవాడికి షాపువాళ్ళు ఉచితంగా పోయాలి. మరి వాళ్ళ నష్టం? దానికి కంపెనీ సిరప్ ఇచ్చేది. గ్లాసుకి ఒక ఔన్సు సిరప్ చొప్పున గ్యాలనుకి 128 గ్లాసులొస్తాయి. కాబట్టి డబ్బు లెక్కే అక్కర్లేదు, సరుకుకి సరుకు చెల్లు. పైగా ఎవరికి చీట్లు పంపాలో కూడా షాపు యజమానే తన ఖాతాదార్ల పేర్లు చూసి చెప్పేవాడు. కంపెనీ సేల్స్‌మన్‌కీ ఆ యజమానికీ మొహపరిచయం ఉంది. 1894 నుంచి 1913 దాకా ఇలా 85 లక్షల గ్లాసులు పోశారనీ, ప్రతి తొమ్మిదిమంది అమెరికన్లలో ఒకరు కోక్ ఊరికే తాగారనీ అంచనా.

అదే కాలంలో ఇంకో పద్ధతి కూడా నడిచింది. ఆర్బకిల్ వాళ్ళ అరియోసా కాఫీ పొట్లం మీద ఓ కూపన్ ఉండేది. అవి పోగేసి కంపెనీకే పోస్టులో పంపితే రుమాళ్ళో, కత్తెరలో, ఉంగరాలో వచ్చేవి. ఇందులో కొట్టువాళ్ళ ప్రమేయమే లేదు. కంపెనీ, కస్టమరు, మధ్యలో తపాలా శాఖ.

ఈ రెండూ కాకుండా మూడో దారి తొక్కినవాడు మిషిగన్‌లోని బ్యాటిల్ క్రీక్‌కి చెందిన సి. డబ్ల్యూ. పోస్ట్. గ్రేప్‌నట్స్ అనే అల్పాహారం డబ్బా కొంటే ఒక సెంటు తగ్గింపు అని చీటీ వేశాడు. ఇది 1895లో జరిగిందని చాలాచోట్ల రాసుంటుంది. గ్రేప్‌నట్స్ బజారులోకి వచ్చిందే 1897లో, కాబట్టి ఆ తేదీని నేను నమ్మను. తేదీ సంగతి ఎలా ఉన్నా, కిరాణా కొట్లో ధర తగ్గించే కూపన్‌కి మూలపురుషుడు ఈయనే. ఈయన చీటీతోనే అసలు తిప్పలు మొదలయ్యాయి. సోడా కౌంటర్లో సిరప్ ఇచ్చి సరిపెట్టొచ్చు. కిరాణా కొట్లో వందరకాల సరుకులుంటాయి. ఒక్కో కంపెనీ నుంచి సెంటు, రెండు సెంట్లు వసూలు చేసుకోవాలి. ఆ సెంటు కోసం స్టాంపు అంటించి ఉత్తరం రాస్తే స్టాంపు ఖర్చు సెంటు దాటుతుంది.

కాబట్టి దాదాపు యాభై ఏళ్ళపాటు ఇది సేల్స్‌మన్ భుజాల మీద నడిచింది. సరుకు ఆర్డరు తీసుకోడానికి కొట్టుకి వచ్చినప్పుడు యజమాని సొరుగులోంచి కూపన్ల కట్ట తీసి ఇచ్చేవాడు, ఆయన లెక్కపెట్టి చేతిలో డబ్బు పెట్టేవాడు, లేదా బిల్లులో తగ్గించేవాడు. మన దగ్గర ఇప్పటికీ ఏజెన్సీవాళ్ళనెవర్నన్నా కదిపితే 'స్కీమ్ క్లెయిములు' రాలేదని చెప్పే గోడు ఇలాంటిదే. తగ్గింపు ప్రకటించేది కంపెనీ, ముందు డబ్బు పెట్టేది కింద ఉన్నవాళ్ళు.

1930ల మాంద్యంలో కూపన్లు పెరిగాయి. యుద్ధం తర్వాత సూపర్ మార్కెట్లొచ్చాయి. కొట్టుకి వచ్చి కట్టలు లెక్కపెట్టే సేల్స్‌మన్‌లు తగ్గిపోయారు, కట్టలు మాత్రం పెద్దవయ్యాయి. వందల దుకాణాలున్న ఒక చైను, వందల కంపెనీలకి విడివిడిగా కూపన్లు ఏరి పంపాలంటే ఎంతమంది గుమాస్తాలు కావాలి?

*

1957లో ఏ.సి. నీల్సన్ కంపెనీ ఈ ప్రశ్నకి జవాబు చెప్పింది. టీవీ రేటింగుల నీల్సనే. దుకాణాల్లో ఏ సరుకు ఎంత అమ్ముడయిందో లెక్కగట్టడం వాళ్ళ పాత వ్యాపారం. అయోవా రాష్ట్రంలో మిసిసిపీ ఒడ్డునున్న క్లింటన్ అనే చిన్న ఊళ్ళో కూపన్ క్లియరింగ్ హౌస్ పెట్టారు. క్లియరింగ్ హౌస్ అన్నది బ్యాంకుల మాట. పాతరోజుల్లో బ్యాంకుల గుమాస్తాలు రోజూ ఒకచోట చేరి, మీ చెక్కులు మాకిన్ని, మా చెక్కులు మీకిన్ని అని మార్చుకునేవాళ్ళు. కూపన్ ఒకరకం చెక్కే అని ఒప్పుకున్నాక బ్యాంకుల పద్ధతే దీనికీ పెట్టడం సహజం.

అప్పటినుంచీ కాగితం కూపన్ ప్రయాణం దాదాపు ఒకటే. క్యాషియరు దాన్ని డ్రాయర్లో పడేస్తుంది. రాత్రి లెక్కలో కూపన్లు నగదుతోపాటు లెక్కకొస్తాయి, తేడా వస్తే నోటు తగ్గినట్టే. వారానికోసారో నెలకోసారో దుకాణం వాటిని కవర్లో పెట్టి చైను హెడ్డాఫీసుకి, అక్కణ్ణుంచి పెట్టెల్లో క్లియరింగ్ హౌస్‌కి పంపుతుంది. అక్కడ వాటిని కంపెనీల వారీగా, మళ్ళీ కూపన్ల వారీగా వేరుచేస్తారు. మొదట్లో మొత్తం చేత్తోనే. బార్‌కోడ్ వచ్చాక చాలావాటిని స్కానర్ చదువుతుంది. చిరిగినవి, నలిగినవి, జామ్ అంటినవి మాత్రం మనుషులే చూడాలి. దుకాణం తరఫు క్లియరింగ్ హౌస్ బిల్లు తయారుచేసి కూపన్లతోపాటు కంపెనీ తరఫు ఏజెంటుకి పంపుతుంది. ఆ ఏజెంటు మళ్ళీ లెక్కపెడతాడు. తేదీ దాటినవి, నకిలీవి, అనుమానం ఉన్నవి తీసేసి మిగతావాటికి డబ్బిస్తాడు. ఒకే కాగితాన్ని ఇన్నిసార్లు లెక్కపెట్టేది యాభై సెంట్ల కోసమే.

ఎనిమిది సెంట్లు ఈ లెక్కపెట్టడానికి కూలి. హ్యాండ్లింగ్ ఫీజు అంటారు. 1960ల కూపన్ల మీద ఇది రెండు సెంట్లు, 1970ల్లో అయిదు, 1980ల మొదట్లో ఏడు. ఆ తర్వాత ఎనిమిదయింది, ఇక అక్కడే ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళుగా అమెరికాలో రొట్టె ధర, క్యాషియరు జీతం, దుకాణం అద్దె అన్నీ పెరిగాయి, ఇది మాత్రం పెరగలేదు. ఇందులోంచే క్లియరింగ్ హౌస్‌కి కమిషన్ పోవాలి, పోస్టేజీ పోవాలి. యాభై సెంట్ల కూపన్లు పదివేలు తీసుకున్న దుకాణం 5,000 డాలర్లు ముందే పెట్టుబడి పెట్టినట్టు. తిరిగొచ్చేది 5,800, అది కూడా అన్నీ చెల్లితే. నూటికి పదహారు వెనక్కొచ్చాయని ఎత్తుకెళ్ళి ఎక్కడన్నా చెప్పుకోవచ్చు గానీ, కౌంటరు దగ్గర ప్రతి కూపనూ పట్టి చూసిన సమయాన్ని ఎవరూ ఆ లెక్కలో వేయరు. ఇక 'మా దగ్గర కూపన్ విలువ రెట్టింపు' అని చైన్లు పోటీపడి ప్రకటించుకున్న రోజుల్లో, కంపెనీ ఇచ్చేది ముద్రించిన విలువే. రెండో యాభై సెంట్లూ దుకాణం చేతిచమురు.

కూలి పెరగకపోతే పని చవకగా దొరికే చోటికి పోతుంది. టెక్సస్ చిరునామాల రహస్యం ఇదే. 1965లో మెక్సికో తన ఉత్తరపు సరిహద్దు వెంబడి ఎగుమతి ఫ్యాక్టరీలకి తలుపులు తెరిచింది. మాకిలదోరాలంటారు వాటిని. బట్టలూ టీవీలూ బిగించే ఫ్యాక్టరీలతోపాటు కూపన్లు ఏరే ఫ్యాక్టరీలు కూడా అక్కడికి చేరాయి. పోస్టు ఎల్ పాసోకి వస్తుంది, నది దాటితే హువారెస్. కన్సాస్‌లో ఒకావిడ వంటింటి బల్ల మీద కూర్చుని కత్తిరించిన కాగితాన్ని రియో గ్రాండే అవతల ఇంకొకావిడ, ఆ సబ్బు తన ఊళ్ళో ఆ ధరకి ఎన్నడూ కొననావిడ, దొంతరలో పెడుతుంది. గ్లోబలైజేషన్ మీద లావుపాటి పుస్తకాలు కొన్ని చదివాను. ఈ ఒక్క కాగితం ముక్క చెప్పినంత సూటిగా అవేవీ చెప్పలేదు.

*

కూపన్ డబ్బేనా కాదా అన్న ప్రశ్నకి చట్టం రెండు చోట్ల రెండు జవాబులు చెప్పింది. రెండూ సరదాగా ఉంటాయి.

మొదటిది ఆ సెంటులో నూరో వంతు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దుకాణాలు ట్రేడింగ్ స్టాంపులు ఇచ్చేవి. ఎంత కొంటే అన్ని స్టాంపులు, పుస్తకం నిండితే బహుమతి. జనం మోసపోతున్నారని కొన్ని రాష్ట్రాలు, స్టాంపు మీద నగదు విలువ ముద్రించాలి, అడిగితే ఆ నగదు ఇవ్వాలి అని చట్టం చేశాయి. కూపన్లు కూడా ఆ చట్టాల కిందికి రావచ్చన్న జాగ్రత్తతో కంపెనీలు ఒక విలువ వేశాయి, వీలైనంత చిన్నది. సెంటు కావాలంటే వంద కూపన్లు పట్టుకెళ్ళాలన్నమాట. ఎవరన్నా వెళ్ళారా అంటే, వెళ్ళే ఉంటారు. అలాంటివాళ్ళు లేని దేశం లేదు.

రెండోది అమ్మకపు పన్ను. కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి చాలా రాష్ట్రాల్లో, దుకాణం సొంతంగా ఇచ్చే కూపన్ అయితే తగ్గిన ధర మీదే పన్ను. కంపెనీ కూపన్ అయితే పూర్తి ధర మీద పన్ను. అయిదు డాలర్ల సబ్బు మీద డాలరు కూపనిస్తే మనం నాలుగే కడతాం, పన్ను మాత్రం అయిదు మీద పడుతుంది. బిల్లు చూసి క్యాషియరుతో గొడవపడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పన్నులశాఖ వాదన మాత్రం గట్టిది: దుకాణానికి అయిదు డాలర్లూ వచ్చాయి, నాలుగు నీ నుంచి, ఒకటి కంపెనీ నుంచి. నీకు తగ్గింపుగా కనిపిస్తున్నది నిజానికి ఇంకొకళ్ళు నీ తరఫున కట్టిన డబ్బు. రీయింబర్స్‌మెంట్ అంటే ఏమిటో ఇంతకన్నా పొందిగ్గా చెప్పిన వాక్యం నాకు వ్యాపార పుస్తకాల్లో కూడా దొరకలేదు.

*

కాగితం డబ్బయ్యాక దొంగలు రాకుండా ఉంటారా. ఈ దొంగతనం చాలా సులువు. పాత పేపర్ల కట్టలు చవగ్గా కొను, కూపన్లు కత్తిరించు, ఒక కొట్టు పేరున పంపు. సబ్బు అమ్మలేదు, కొనలేదు, యాభై సెంట్లూ లాభమే, ఎనిమిది సెంట్ల కూలి అదనం. 1972లో జార్జ్ వలాసిస్ అనే ముద్రాపకుడు రంగుల కూపన్ల పుస్తకాన్ని విడిగా ముద్రించి పేపర్లలో పెట్టించే వ్యాపారం మొదలుపెట్టాక ముడిసరుకుకీ కొదవ లేకుండా పోయింది.

1977 డిసెంబరులో న్యూయార్క్ ప్రాంతపు పత్రికల్లో బ్రీన్ అనే కొత్త బట్టల సబ్బుకి పాతిక సెంట్ల కూపన్ పడింది. మామూలు కూపన్ లాగే ఉంది. 40 రాష్ట్రాల నుంచి రెండువేలకు పైగా దుకాణాలు, మేం బ్రీన్ అమ్మాం, మా పాతిక సెంట్లు మాకివ్వండని కూపన్లు పంపాయి. డెబ్భైవేలకు పైగా వచ్చాయి. చిక్కేమిటంటే బ్రీన్ అనే సబ్బు లేదు. ఎప్పుడూ తయారుకాలేదు, ఏ షెల్ఫు మీదా లేదు. తపాలా ఇన్‌స్పెక్టర్లూ ఫెడరల్ ప్రాసిక్యూటర్లూ కలిసి పన్నిన వల అది. కూపన్ పోస్టులో వెళ్తుంది కాబట్టి ఇది తపాలా మోసం కిందికొస్తుంది, అందుకే పోస్టాఫీసు పోలీసుల పని అయింది.

ఈ కథ చదివినప్పుడల్లా నవ్వొస్తుంది గానీ, దాని తర్వాత వచ్చింది నవ్వులాట కాదు. కంపెనీలకి ఒక నమ్మకం స్థిరపడిపోయింది: మోసం చిన్న కొట్లలోనే ఉంటుంది. ఏజెంట్లు కట్టలు పట్టి చూడ్డం మొదలుపెట్టారు. నిజంగా వాడిన కూపన్లు ఒక్కొక్కటీ ఒక్కోలా కత్తిరించి ఉంటాయి, పర్సులో నలిగి ఉంటాయి. ఫ్యాక్టరీ లెక్కన కత్తిరించినవి అంచులన్నీ ఒకేలా, ఫెళఫెళలాడుతూ ఉంటాయి. ఇది తెలిసి దొంగలు వాటిని సిమెంటు కలిపే మిక్సర్లో వేసి తిప్పి పాతబరిచారు. 1986లో కంపెనీలన్నీ కలిసి మోసాల మీద సమాచారం పంచుకోడానికి ఒక సంస్థ పెట్టుకున్నాయి. అనుమానం వస్తే కొట్టుకి డబ్బు ఆపేస్తారు, సరుకు కొన్న బిల్లులు చూపించమంటారు.

ఇక్కడే పెద్దకీ చిన్నకీ తేడా తెలుస్తుంది. ఒక పెద్ద చైనుకి కంపెనీ పదివేల డాలర్ల కూపన్లు చెల్లవని తిప్పిపంపితే, చైను గొడవ పెట్టుకోదు. తర్వాతి నెల కంపెనీకి కట్టాల్సిన సరుకు బిల్లులోంచి పదివేలు కోసుకుని మిగతాది పంపుతుంది. కంపెనీ ఏమంటుంది? ఆ చైను షెల్ఫుల్లో తన సబ్బు ఉండాలి మరి. వీధిచివర కొట్టు యజమాని కంపెనీ దగ్గర నేరుగా కొనడు, హోల్‌సేలరు దగ్గర కొంటాడు. కోసుకోడానికి ఆయన చేతిలో కంపెనీ బిల్లే లేదు. ఉన్నది వాదన ఒక్కటే, అది కూడా ఇంగ్లీషులో ఉత్తరం రాయగలిగితే. ఆ వీధి కొట్లు ఒకప్పుడు ఇటాలియన్లవీ యూదులవీ, తర్వాత కొరియన్లవీ అరబ్బులవీ, ఇప్పుడు మన గుజరాతీలవీ అక్కడక్కడా తెలుగువాళ్ళవీ. అనుమానం ఎవరి గుమ్మం ముందు ముందుగా ఆగుతుందో విడిగా చెప్పక్కర్లేదు. ఆ కొట్లలో మోసగాళ్ళు లేరనటం లేదు, బ్రీన్ అమ్మినవాళ్ళు ఉండనే ఉన్నారు. దొంగ కాని చిన్నవాళ్ళకి ఆ మాట నిరూపించుకునే దారి లేదంటున్నాను.

ఈ పక్షపాతాన్ని అందరికన్నా బాగా అర్థంచేసుకున్నది ఒక క్లియరింగ్ హౌస్. ఇంటర్నేషనల్ అవుట్‌సోర్సింగ్ సర్వీసెస్ అని, దేశంలోకెల్లా పెద్ద కూపన్ ప్రాసెసర్లలో ఒకటి. పెద్ద చైన్ల కూపన్లూ చిన్న కొట్ల కూపన్లూ దాని ఫ్యాక్టరీల్లో ఒకే కప్పు కింద లెక్కయ్యేవి. చైన్ల పేరున వెళ్ళినవాటికి కంపెనీలు కళ్ళుమూసుకుని డబ్బిస్తాయి, కొట్ల పేరున వెళ్ళినవాటిని భూతద్దంతో చూస్తాయి. అందుకని చిన్న కొట్ల నుంచి వచ్చిన కూపన్లని చైన్ల బిల్లుల్లో కలిపేశారు. ఏజెంటు చేతికి వచ్చేసరికి అవి పెద్దింటి బిడ్డలు. 2007లో విస్కాన్సిన్‌లోని మిల్వాకీలో కేసు పెట్టినప్పుడు ఫెడరల్ ప్రాసిక్యూటర్లు చెప్పిన మొత్తం 25 కోట్ల డాలర్లు. కేసు తొమ్మిదేళ్ళు సాగింది. సంస్థ అధిపతికి పదేళ్ళ జైలు పడింది, ఆరున్నర కోట్ల డాలర్లు తిరిగి కట్టమన్నారు. 2018లో అప్పీలు కోర్టు కూడా శిక్షని సమర్థించింది.

ముప్ఫై ఏళ్ళు కొట్ల అంచులు భూతద్దంతో చూశారు. దోపిడీ మాత్రం ఆ భూతద్దం పట్టుకున్న వ్యవస్థ మధ్యలోంచే జరిగింది. కంపెనీలు ఆ తర్వాత చిన్న కొట్లకి క్షమాపణ చెప్పినట్టు నేనెక్కడా చదవలేదు.

*

1992 నాటికి ఈ వ్యవహారం పతాకస్థాయికి చేరింది. ఆ ఏడు అమెరికాలో 31,000 కోట్ల కూపన్లు ముద్రించి పంచారు. అప్పటి జనాభాకి మనిషికి 1,200 చొప్పున. వాటిలో దుకాణాల గల్లాదాకా వచ్చినవి నూటికి మూడు కన్నా తక్కువ. మిగతావి చెత్తబుట్టకి. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్‌కి ఇది దండగ అనిపించి, 1996 జనవరిలో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలో, రాచెస్టర్, సిరక్యూస్ ప్రాంతాల్లో కూపన్లు పూర్తిగా ఆపేసింది. దానికి బదులు ధరలే తగ్గిస్తామంది. లెక్కప్రకారం అందరికీ లాభమే. కత్తెరా వద్దు, క్లియరింగ్ హౌసూ వద్దు, ఎనిమిది సెంట్లూ వద్దు. జనం మాత్రం ఊరుకోలేదు. సంతకాలు సేకరించారు, బహిష్కరించమన్నారు. మిగతా కంపెనీలు కూడా అదే బాటపట్టడంతో, వీళ్ళంతా కూడబలుక్కున్నారా అని రాష్ట్ర అటార్నీ జనరల్ విచారణ మొదలుపెట్టాడు. 1997 ఏప్రిల్లో కంపెనీ ఆ ప్రయోగానికి మంగళం పాడింది. కేసు రాజీలో కంపెనీలు జనానికి 42 లక్షల డాలర్లు ఇవ్వాల్సొచ్చింది. ఇచ్చింది కూపన్ల రూపంలోనే.

దండగన్న కంపెనీ వాదన తప్పని నేననుకోను. తప్పల్లా ఇదొక్కటే: కూపన్ కత్తిరించేవాళ్ళకి అది పొదుపు మాత్రమే కాదు, తెలివికీ ఓపికకీ దక్కే కూలి. ఆ కూలి మీద వాళ్ళకి హక్కు ఏర్పడింది. అందరికీ ధర తగ్గిస్తే తమ కూలి పంచేసినట్టే.

ఇప్పుడు కాగితం తగ్గిపోతోంది. కూపన్లు ఫోన్లోకి వెళ్ళాయి. పాత బార్‌కోడులో సంఖ్య అయిదుతో మొదలయ్యేది, విలువకి రెండే అంకెలు. సరుకుని గుర్తించేది మూడంకెల కుటుంబ కోడు మాత్రమే, అందుకని షాంపూ కూపన్‌కి అదే కుటుంబంలోని ఇంకో సరుకు ఇచ్చినా స్కానర్ ఒప్పుకునేది. 2011 నాటికి దాని స్థానంలో ఇంకా వివరాలు పట్టే కొత్త కోడు వచ్చింది. దాన్నీ నకలు తీశారు. 2021లో వర్జీనియా బీచ్‌కి చెందిన ఒకావిడకి నకిలీ కూపన్ల కేసులో పన్నెండేళ్ళ శిక్ష పడింది. ఇంట్లో కంప్యూటరు మీద చేసినవి స్కానర్‌కి కూడా అసలైనవిగానే కనిపించాయి. నష్టం మూడు కోట్ల పది లక్షల డాలర్లకి పైన. స్కానర్ ఒప్పుకున్నదాన్ని క్యాషియరు కాదనలేదు, తర్వాత ఏజెంటు చెల్లదని తిప్పిపంపితే డబ్బు పోయేది దుకాణానికి. సరుకు తీసుకున్నవాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు.

ఇప్పుడు తెస్తున్న కొత్తరకంలో ప్రతి కూపన్‌కీ విడి నంబరుంటుంది. కౌంటరు దగ్గర స్కాన్ చేసిన క్షణంలోనే అది అసలుదా, ఇదివరకే వాడేశారా అని ఒక కేంద్ర జాబితాని అడుగుతుంది. జవాబొచ్చాకే ధర తగ్గుతుంది. డబ్బు తర్వాతే వస్తుంది, కాకపోతే చెల్లుతుందో లేదో దుకాణం ముందే తెలుసుకుంటుంది. అట్లాంటా సోడా కౌంటర్లో ఆ జాబితా షాపు యజమాని తలలోనే ఉండేది.